గడువు ఉన్న చాకిరీ, గడువు లేని బానిసత్వం

తొలినాటి అమెరికాలో ఒప్పంద సేవకుడికీ బానిసకూ ఉన్న తేడా తెలియాలంటే ముందుగా ఒక కాగితం గురించి చెప్పుకోవాలి. 17వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి అమెరికా వలసలకు బయల్దేరే పేదవాడు ఓడ ఎక్కే ముందు ఒక కరారు పత్రం మీద సంతకం పెట్టేవాడు. సంతకం రాకపోతే ఓ గీత గీసేవాడు. ఒకే పత్రం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో రంపం పళ్లలా వంకరటింకరగా కోసేవారు. ఒక ముక్క సేవకుడిది, రెండోది యజమానిది. రేపు తగాదా వస్తే రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. పళ్లు కలిస్తే పత్రం అసలుది, కలవకపోతే దొంగది. ఆ పళ్ల కోత వల్లే దానికి 'ఇండెంచర్' అన్న పేరొచ్చింది. లాటిన్ భాషలో పన్నును 'డెన్స్' అంటారు. ఆఫ్రికా నుంచి సంకెళ్లతో తెచ్చిన మనిషికి ఇలాంటి ముక్క ఏదీ ఇవ్వలేదు.

ఇంగ్లిషువాళ్లు 1607లో వర్జీనియా తీరంలో జేమ్స్‌టౌన్ అనే ఊరు కట్టుకున్నారు. బంగారం దొరుకుతుందని ఆశపడితే ఆకలి, జ్వరాలు ఎదురయ్యాయి. ఆ వలసను నిలబెట్టింది పొగాకు. జాన్ రోల్ఫ్ అనే వలసదారు కరీబియన్ రకం విత్తనం తెప్పించి నాటాడు. కొద్ది ఏళ్లకే లండన్ బజారులో వర్జీనియా పొగాకుకు గిరాకీ పెరిగింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు 'వర్జీనియా పొగాకు' అంటుంటారు కదా, ఆ పేరులోని వర్జీనియా ఇదే. పొగాకు ఎంత చాకిరీ కోరే పైరో ఆ జిల్లాల రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. నారు పోయాలి, నాటాలి, కలుపు తీయాలి, తలలు తుంచాలి, పిలకలు గిల్లాలి, ఆకు కొట్టి ఆరబెట్టాలి. అక్కడ భూమికి కొదవ లేదు, చేతులకే కొరత.

ఇంగ్లండులో పరిస్థితి దీనికి తలకిందులు. పనికోసం ఊళ్లు పట్టి తిరిగే జనం అక్కడ లెక్కలేనంత మంది. అయితే సముద్రం దాటడానికి ఓడ చార్జీ సుమారు 6 పౌన్లు. అంత సొమ్ము ఆ పేదల దగ్గర ఎక్కడిది? ఇక్కడే ఇండెంచర్ పత్రం అక్కరకొచ్చింది. వ్యాపారో ఓడ కెప్టెనో చార్జీ భరిస్తాడు. బదులుగా ఆ మనిషి నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ చేస్తానని రాసిస్తాడు. ఓడ వర్జీనియా రేవు చేరాక కెప్టెన్ ఆ పత్రాన్ని తోట యజమానికి పొగాకు బస్తాల లెక్కన అమ్ముకుంటాడు. అక్కడ అమ్ముడయ్యేది మనిషి శ్రమలో కొన్ని సంవత్సరాలు. మనిషి మీద శాశ్వత హక్కు ఎవరికీ దఖలు పడదు.

యజమానికి ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. 1618లో వర్జీనియా కంపెనీ ఒక పద్ధతి పెట్టింది. సొంత ఖర్చుతో ఒక మనిషిని వలసకు తెచ్చినవారికి తలకు 50 ఎకరాల భూమి ఇస్తారు. వచ్చిన మనిషికి చాకిరీ, తెచ్చిన మనిషికి భూమి. అలా అమెరికా తీరాన పెద్ద పెద్ద ఎస్టేట్లు పెరిగాయి. 1630ల నుంచి స్వాతంత్ర్య యుద్ధం దాకా ఐరోపా నుంచి ఆ వలసలకు వచ్చినవారిలో సగం నుంచి మూడింట రెండు వంతుల మంది ఏదో ఒక రకం ఒప్పంద సేవకులుగానే వచ్చారని చరిత్రకారుల అంచనా.

వీళ్లంతా ఒకే తరహా మనుషులు కారు. సొంతంగా నిర్ణయించుకుని వచ్చిన యువకులు ఉన్నారు. మాయమాటలతో ఓడ ఎక్కించిన పిల్లలూ ఉన్నారు. లండన్, బ్రిస్టల్ రేవుల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలను జనం 'దయ్యాలు' అని పిలిచేవారు. ఆ బెడద పెరిగి బ్రిస్టల్ నగరపాలకులు 1654లో ఒక రిజిస్టరు తెరిచారు. సముద్రం దాటే ప్రతి సేవకుడి పేరూ అందులో రాయాలి. మూడు దశాబ్దాల్లో ఆ రిజిస్టరుకు 10 వేలకు పైగా పేర్లు ఎక్కాయి. 1718 చట్టం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థుల్ని కూడా ఏడేళ్లకో పద్నాలుగేళ్లకో అమెరికాకు తోలింది. అలా వెళ్లినవారు సుమారు 50 వేలు. 18వ శతాబ్దంలో జర్మన్లు కుటుంబాలతో సహా పెన్సిల్వేనియాకు వచ్చారు. వాళ్లు ముందుగా కరారు రాసుకోలేదు. ఫిలడెల్ఫియా రేవులో దిగాక ఓడ బాకీ తీర్చలేకపోతే అక్కడికక్కడే అమ్ముడుపోయేవారు. 1750లో ఆ ప్రయాణం చేసిన గాట్లీబ్ మిటెల్‌బెర్గర్ అనే జర్మన్ తిరిగి వెళ్లి పుస్తకం రాశాడు. దారిలో చచ్చినవారి బాకీ బతికినవారి నెత్తిన పడటం, తల్లిదండ్రులు ఒక ఊరికి, పిల్లలు మరో ఊరికి అమ్ముడుపోవడం అందులో చూడవచ్చు.

కాబట్టి ఒప్పంద సేవ అంటే ఏదో మర్యాదైన నౌకరీ అనుకోకూడదు. 1623లో రిచర్డ్ ఫ్రెథార్న్ అనే సేవకుడు వర్జీనియా నుంచి తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం నేటికీ ఉంది. తిండి లేదు, బట్టల్లేవు, తోటివాళ్లు రాలిపోతున్నారు, నన్ను విడిపించండి, లేకపోతే కాస్త తినడానికైనా పంపండి అని అందులో మొరపెట్టుకున్నాడు. సేవకుణ్ణి యజమాని కొట్టవచ్చు, అతని అనుమతి లేకుండానే మిగిలిన కాలాన్ని ఇంకొకరికి అమ్మేయవచ్చు. యజమాని ఒప్పుకోకుండా సేవకులు పెళ్లి చేసుకోకూడదు. పారిపోయి పట్టుబడితే, వర్జీనియాలో ఎన్ని రోజులు కనిపించకుండా పోతే అంతకు రెట్టింపు చాకిరీ. సేవకురాలికి బిడ్డ పుడితే ఆమె గడువు పొడిగిస్తారు. తీరప్రాంతపు మలేరియా చాలామందిని గడువు తీరకముందే మట్టిలో కలిపింది. తొలి దశాబ్దాల్లో పొగాకు చేలో ఇంగ్లిషు సేవకుడూ ఆఫ్రికా మనిషీ ఒకే సాలులో పనిచేశారు, ఒకే పాకలో పడుకున్నారు, కలిసి పారిపోయారు కూడా. దూరం నుంచి చూసేవాడికి ఇద్దరి బతుకూ ఒకటే.

అయినా ఇంగ్లిషు సేవకుడికి మూడు దన్నులున్నాయి. ఒకటి గడువు. పత్రం లేకుండా వచ్చినవాడికి కూడా 1643 నాటికి వర్జీనియా చట్టం గడువు కట్టింది. ఇరవై దాటినవారికి నాలుగేళ్లు, పన్నెండు నుంచి ఇరవై లోపువారికి అయిదేళ్లు, పన్నెండేళ్లలోపు పిల్లలకు ఏడేళ్లు. రెండోది కోర్టు. యజమాని తిండి పెట్టకపోయినా, అమానుషంగా కొట్టినా, గడువు దాటాక వదలకపోయినా సేవకుడు మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేయవచ్చు. తోట యజమానులే మెజిస్ట్రేట్లు కాబట్టి న్యాయం దొరకడం కష్టమే. అయితే తలుపు మాత్రం తెరిచే ఉంది. మూడోది గడువు తీరాక ఇచ్చే విడుదల కట్నం. వర్జీనియా 1705 చట్టం ప్రకారం మగ సేవకుడికి 10 బుషెల్ల మొక్కజొన్న, 30 షిల్లింగుల డబ్బు, ఒక తుపాకీ ఇవ్వాలి. ఆడమనిషికి 15 బుషెల్ల మొక్కజొన్న, 40 షిల్లింగులు. ఆమెకు తుపాకీ లేదు. ఆ తర్వాత వాళ్లు స్వేచ్ఛగా బతికే మనుషులు. కొందరు పైకి కూడా వచ్చారు. 1629 వర్జీనియా శాసనసభలోని 44 మందిలో ఏడుగురు అయిదేళ్ల కిందట సేవకుల జాబితాలో ఉన్నవాళ్లే.

1619 ఆగస్టులో వర్జీనియాలోని పాయింట్ కంఫర్ట్ రేవుకు 'వైట్ లయన్' అనే ఓడ వచ్చింది. అందులో ఇరవై మందికి కాస్త పైగా ఆఫ్రికన్లు ఉన్నారు. అంగోలాలోని లువాండా నుంచి పోర్చుగీసు బానిస ఓడ ఒకటి వాళ్లను మెక్సికోకు తీసుకెళ్తుండగా 'వైట్ లయన్' నావికులు దారిలో దాని మీద పడి దోచుకున్నారు. ఆ ఆఫ్రికన్లు ఎవరితోనూ కరారు రాసుకోలేదు. ఇంగ్లిషు చట్టంలో బానిస అనే హోదాకు అప్పటికి స్పష్టమైన రూపం లేదు. కాబట్టి తొలి నలభై ఏళ్లు వర్జీనియాలో ఆఫ్రికన్ల స్థితి అటూ ఇటూ కాకుండా ఉండేది. కొందరు జీవితాంతం చెరలోనే ఉన్నారు, కొందరు విడుదలై భూములు కొన్నారు. 1621లో ఆంటోనియో అన్న పేరుతో వచ్చిన ఒక ఆఫ్రికన్ తర్వాత ఆంథొనీ జాన్సన్‌గా స్వేచ్ఛ పొందాడు. 1651లో అయిదుగురు మనుషుల్ని తెచ్చిన లెక్కన 250 ఎకరాల పట్టా సంపాదించాడు.

ఈ సందు ఎలా మూసుకుపోయిందో చట్టాలూ తీర్పులూ వరసగా చూస్తే తెలుస్తుంది. 1640లో ముగ్గురు సేవకులు కలిసి వర్జీనియా నుంచి మేరీలాండుకు పారిపోయి దొరికిపోయారు. ఒకడు డచ్చివాడు, ఒకడు స్కాట్లండువాడు, మూడోవాడు జాన్ పంచ్ అనే ఆఫ్రికన్. తప్పు ఒక్కటే. మొదటి ఇద్దరికీ కోర్టు నాలుగేళ్ల అదనపు సేవ విధించింది. జాన్ పంచ్‌కు మాత్రం బతికినంతకాలం చాకిరీ అని తీర్పిచ్చింది. అమెరికా బానిసత్వ చరిత్రలో అసలు మలుపు ఇక్కడే ఉందనడం తప్పు కాదు. 1655లో ఇంకో విడ్డూరం జరిగింది. జాన్ కేసర్ అనే నల్లవాడు తన గడువు ఎప్పుడో తీరిపోయిందని పక్క తోటకు వెళ్లిపోతే, యజమాని కోర్టుకెక్కాడు. కోర్టు కేసర్‌ను జీవితకాల సేవకుడిగా తేల్చి యజమానికి అప్పగించింది. ఆ యజమాని పైన చెప్పిన ఆంథొనీ జాన్సన్. అప్పటికింకా గీత పూర్తిగా రంగును బట్టి పడలేదు.

అదే కాలంలో ఎలిజబెత్ కీ అనే యువతి దావా నడిచింది. ఆమె తండ్రి ఇంగ్లిషువాడు, శాసనసభ సభ్యుడు. తల్లి ఆఫ్రికన్. తండ్రి ఆమెను తొమ్మిదేళ్ల గడువుతో ఒకరి దగ్గర ఉంచాడు. గడువు దాటి ఏళ్లు గడిచినా ఎవరూ వదల్లేదు. ఆమె తరఫున వాదించింది విలియం గ్రిన్‌స్టెడ్. అతను కూడా ఒప్పంద సేవకుడే. ఇంగ్లిషు ఆచారం ప్రకారం బిడ్డ హోదా తండ్రిని బట్టి ఉంటుంది, ఆమె బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవురాలు, గడువు ముగిసింది అని మూడు వాదనలు పెట్టాడు. 1656లో ఆమె గెలిచింది. ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

తోట యజమానులు ఆ మూడు వాదనల్లో మొదటి రెండింటినీ చట్టం చేసి మరీ మూసేశారు. 1662లో వర్జీనియా శాసనసభ బిడ్డ హోదా తల్లిని బట్టే ఉంటుందని తీర్మానించింది. 1667లో బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన బానిసకు విడుదల రాదంది. 1669లో యజమాని దెబ్బలకు బానిస చనిపోయినా అది ఘోర నేరం కాదని రాసింది. తన ఆస్తిని తానే కావాలని ఎవరూ పాడుచేసుకోరన్నది అందులోని తర్కం.

వీటిలో 1662 చట్టం అన్నిటికంటే లోతుకు పోయింది. ఒప్పంద సేవకురాలి బిడ్డను కూడా కొంతకాలం పనికి కట్టేసేవారు గానీ, ఎదిగాక ఆ బిడ్డ స్వేచ్ఛగా బతకొచ్చు. బానిస తల్లి బిడ్డ పుట్టుకతోనే బానిస, ఆ బిడ్డ కూతురి బిడ్డ కూడా బానిస. తండ్రి సాక్షాత్తూ తోట యజమానే అయినా అంతే. తన సంతానాన్ని తన ఆస్తిగా లెక్క రాసుకునే వీలు ఆ చట్టం యజమానికి కల్పించింది.

ఇన్ని చట్టాలు వచ్చినా 1671 నాటికి వర్జీనియాలో బానిసల కంటే సేవకులే ఎక్కువ. గవర్నర్ విలియం బర్క్‌లీ లండన్‌కు పంపిన నివేదికలో మొత్తం జనం 40 వేలు, ఒప్పంద సేవకులు 6 వేలు, నల్ల బానిసలు 2 వేలు అని లెక్క చెప్పాడు. ఆ తర్వాత తూకం తిరగబడింది. ఇంగ్లండులో కూలిరేట్లు పెరిగి, సముద్రం దాటాలనుకునేవారు తగ్గారు. 1672లో ఏర్పడిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ, 1698లో దాని గుత్తాధిపత్యం పోయాక ఇతర వర్తకులు, బానిసల రవాణాను పెంచారు. మనుషులు ఎక్కువ కాలం బతకడం మొదలయ్యాక, నాలుగేళ్లకు కొనడం కంటే జీవితకాలానికి కొనడమే గిట్టుబాటని యజమానులు లెక్క వేసుకున్నారు.

రాజకీయ భయం కూడా తోడైంది. విడుదలైన సేవకులకు మంచి భూమి దొరకడం మానేసింది. తుపాకులున్న, భూమి లేని యువకులు ఊళ్ల అంచున పోగయ్యారు. 1676లో నథానియల్ బేకన్ అనే తోట యజమాని గవర్నర్ మీద తిరుగుబాటు లేవదీశాడు. స్థానిక ఆదివాసుల మీద దాడులకు గవర్నర్ అడ్డుపడుతున్నాడన్నది అతని మొదటి ఆరోపణ కాబట్టి, దాన్ని పేదల విముక్తి పోరాటం అనేయడం అతి అవుతుంది. అయినా సేవకులు, బానిసలు, మాజీ సేవకులు కలిసి ఆయుధం పట్టారు, జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టారు. చివరిదాకా లొంగని గుంపులో 80 మంది నల్లవాళ్లు, 20 మంది ఇంగ్లిషు సేవకులు ఉన్నారు. పాలకులకు ఆ కలయికే గుబులు పుట్టించింది. బానిసత్వం వైపు మొగ్గు అంతకుముందే మొదలైంది గానీ, ఆ తర్వాతి చట్టాలు తెల్లపేదనూ నల్లబానిసనూ విడదీయడం మీదే గురిపెట్టాయి. 1691లో తెల్లవారు నల్లవారిని పెళ్లాడితే వలస నుంచి వెళ్లగొట్టాలన్నారు.

1705లో వర్జీనియా చట్టాలన్నిటినీ కూర్చి ఒక సంహిత చేసింది. తెల్ల క్రైస్తవ సేవకుణ్ణి మెజిస్ట్రేటు ఆజ్ఞ లేకుండా ఒంటిమీద బట్ట తీసి కొరడాతో కొట్టకూడదు. బానిసకు అలాంటి రక్షణ లేదు. సేవకుడికి సొంత సామాను ఉండవచ్చు. బానిస పెంచుకున్న గుర్రం, పశువు, పంది జప్తు చేసి అమ్మి, వచ్చిన డబ్బు ఊళ్లోని పేద తెల్లవారికి పంచమన్నారు. సేవకుడు కోర్టులో మాట్లాడవచ్చు. నల్లవారి సాక్ష్యం చెల్లదన్నారు. బానిసలను స్థిరాస్తిగా ప్రకటించి, భూమిలాగే వారసులకు సంక్రమించేలా రాశారు. నల్లవాడు స్వేచ్ఛగా ఉన్నా సరే, తెల్ల సేవకుణ్ణి పెట్టుకోవడానికి వీల్లేదన్నారు. ఆంథొనీ జాన్సన్ లాంటివాడికి ఇక చోటు లేకుండా పోయింది.

ఒప్పంద సేవనూ బానిసత్వాన్నీ ఒకే గాటన కట్టి, ఐర్లండు నుంచి వచ్చినవారూ బానిసలే కదా అనే వాదన అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఇంగ్లండు పాలకుడు క్రామ్‌వెల్ కాలంలో ఐరిష్‌వాళ్లను బలవంతంగా బార్బడోస్‌కు తోలిన మాట నిజం, వాళ్లు పడ్డ పాట్లూ నిజమే. అయితే 1661లో బార్బడోస్ శాసనసభ సేవకులకు ఒక చట్టం, బానిసలకు వేరే చట్టం చేసింది. ఎవరు ఎవరో పాలకులు ఎన్నడూ పొరబడలేదు. ఆ వాదన నిలవదు.

18వ శతాబ్దం చివర ఈ రెండు పద్ధతుల మధ్య కొన్ని వింత మిశ్రమాలు పుట్టాయి. పెన్సిల్వేనియా 1780లో బానిసత్వాన్ని మెల్లగా రద్దుచేసే చట్టం తెచ్చింది. ఆ తర్వాత బానిస తల్లికి పుట్టిన బిడ్డ బానిస కాదు గానీ, 28 ఏళ్లు నిండేదాకా ఒప్పంద సేవకుడిలా చాకిరీ చేయాలి. పశ్చిమాన ఇండియానా ప్రాంతంలో ఇందుకు ఎదురు నడిచింది. అక్కడ 1787 శాసనం బానిసత్వాన్ని నిషేధించింది. యజమానులు తమ బానిసల చేత ఇండెంచర్ పత్రాల మీద గీతలు గీయించి, గడువు కాలమ్‌లో 90 ఏళ్లు, 99 ఏళ్లు అని రాసుకున్నారు. మేరీ క్లార్క్ అనే నల్లమహిళ అలాంటి 20 ఏళ్ల పత్రాన్ని కోర్టులో సవాలు చేసింది. మనసొప్పని సేవ స్వచ్ఛంద సేవ కాదని 1821లో ఇండియానా సుప్రీంకోర్టు ఆమెను విడిపించింది.

అమెరికా రాజ్యాంగంలో కూడా ఈ తేడా ఉంది. 1787లో రాష్ట్రాలకు ప్రతినిధుల సంఖ్య తేల్చడానికి జనాన్ని ఎలా లెక్కించాలో రాశారు. కొన్ని సంవత్సరాల గడువుతో సేవకు కట్టుబడినవారు స్వేచ్ఛాజనంతో పాటు నిండు మనుషులు. 'ఇతర వ్యక్తులు' అయిదింట మూడు వంతులు. బానిస అన్న మాట ఆ పత్రంలో ఎక్కడా రాయలేదు.

తర్వాతి అర్ధశతాబ్దంలో ఒప్పంద సేవ దానంతటదే సన్నగిల్లింది. ఓడ చార్జీలు తగ్గాయి, వలస వచ్చేవారు తామే డబ్బు పెట్టుకోగలిగారు, అప్పుకు జైలు వేసే చట్టాలు పోయాయి. లక్షల మంది సేవకులు వచ్చినా వారి సేవ మనవలకు సంక్రమించలేదు. ఆఫ్రికా నుంచి నేరుగా ఉత్తర అమెరికా ప్రధాన భూభాగానికి తెచ్చిన మనుషులు సుమారు 3 లక్షల 88 వేలు. 1808 నుంచి ఆ దిగుమతి చట్టరీత్యా ఆగిపోయింది. అయినా 1860 జనగణనలో బానిసల సంఖ్య 39 లక్షల 50 వేలు దాటింది. 1662 నాటి చట్టం తరం వెంట తరం చేసిన పని అది. 1865 డిసెంబరులో అమలైన 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్నీ బలవంతపు సేవనూ ఒకే వాక్యంలో నిషేధించింది, నేరానికి శిక్షగా విధించే చాకిరీని మాత్రం మినహాయించింది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం 1834లో రద్దయింది. చెరకు తోటల దొరలకు మళ్లీ చేతుల కొరత వచ్చింది. వర్జీనియాలో మూలపడ్డ పాత కరారు పత్రాన్ని దులిపి ఈసారి భారతదేశానికి తెచ్చారు. మారిషస్, ఫిజీ, కరీబియన్ దీవులకు కూలీలను అయిదేళ్ల ఒప్పందాల మీద ఎక్కించారు. అగ్రిమెంట్ అన్న మాట వాళ్ల నోట 'గిర్మిట్' అయింది. అమెరికా ఆ 39 లక్షల బానిసలను లెక్కించిన 1860లోనే నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవులో లంగరు వేసింది. మద్రాసు నుంచి వచ్చిన ఆ ఓడలో ఒప్పంద కూలీలు, వాళ్ల పిల్లలు కలిపి 342 మంది ఉన్నారు. వాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు.